ఫోన్‌లో పెట్టిన ప్రస్థానం

మంగళవారం తేదీని ఎవరు మార్చారని మీరిద్దరూ ఫోన్‌లో అడిగినప్పుడు నేను గోరుచిక్కుళ్లు తుంచుతున్నాను. మీ అమ్మ స్పీకర్ పెట్టి, ఫోను కిటికీలో నిలబెట్టి, "నేను మార్చలేదమ్మా, మీ మీద ఒట్టు" అంటోంది. "మరి నీ పేరే చూపిస్తోంది కదమ్మా" అని మీరు. నేను తల ఎత్తలేదు. ఆ కాయలు లేతవి, ఈనె తీయాల్సిన పని లేదు. అయినా ఒక్కొక్కదానికీ ఈనె తీస్తూ కూర్చున్నాను.

ఆ సంగతే ఇప్పుడు రాస్తున్నాను. ఫోన్‌లో చెబితే మధ్యలో మీరు ఏదో ఒకటి అంటారు, నేను ఆగిపోతాను. కొన్ని మీకు తెలిసినవే ఉంటాయి. అవి వదిలేస్తే నాకు వరుస తప్పుతుంది, కాబట్టి మొదటినుంచీ చెబుతాను.

మీ పెద్దవ్వ, నా అక్క, తర్లుపాడులో కొడుకు దగ్గర ఉంటుంది. కిడ్నీలు పనిచేయడం మానేసి రెండేళ్లు దాటింది. వారానికి మూడుసార్లు ఇక్కడికి, మార్కాపురం తెచ్చి డయాలసిస్ మిషను మీద పెట్టాలి. ఒక్కో సారికి నాలుగు గంటలు. ఒక పూట తప్పిందంటే ఒంట్లో నీరు ఊరుతుంది, కాళ్లు వాస్తాయి, ఊపిరి అందదు. నీళ్లు కూడా ఇన్నే తాగాలని లెక్క. మా ఎండల్లో ఆమె చిన్న గ్లాసు పక్కన పెట్టుకుని చెంచాతో గొంతు తడుపుకోవడం చూస్తే, ఆమె ఎదురుగా నీళ్లు తాగడానికి మనకే మొహం చెల్లదు.

ఆ కొడుకే, మీ చిన్నాయన, తన ఆటోలో తెచ్చి దించుతాడు. నాలుగు గంటలూ పక్కన కూర్చోవడం నాదీ మీ అమ్మదీ. మీ నాన్న పొద్దున్నే పలకల ఫ్యాక్టరీకి పోతాడు, ఆయన లెక్కలో లేడు. మీ అమ్మకి అంగన్‌వాడీ ఉంది, మీటింగులున్నాయి. నాకు మోకాళ్లున్నాయి. ఎవరు ఏ రోజు అన్నది మొదట్లో ఫోన్ల మీదే నడిచేది. ఒకరోజు ఇద్దరమూ పోయాం. ఇంకోరోజు ఇద్దరమూ పోలేదు, ఆమె నాలుగు గంటలూ ఒక్కతే పడుకుని పైన ఫ్యాను చూస్తూ ఉండిపోయింది.

అది విని, పెద్ద పాపా, నువ్వు కిందటి వేసవిలో బెంగళూరు నుంచి వచ్చినప్పుడు అందరి ఫోన్లలో ఒకే క్యాలెండర్ పెట్టావు. ఎవరు ఏది రాసినా అందరికీ కనపడుతుంది. మీ పెద్దవ్వ మిషనుకి ఆకుపచ్చ రంగు ఇచ్చావు. బాగానే ఉంది కానీ దాన్ని తెరిచి చూసేవాళ్లు లేరని నీకు వారంలోనే తెలిసిపోయింది. అప్పుడు ఇంకొకటి పెట్టావు. ఫీడు అన్నావు.

"ఫీడు అంటే ఏందే?" అని నేనడిగితే, నువ్వు నా పక్కన కూర్చుని ఓపిగ్గా చెప్పావు. "అవ్వా, పేపరు కోసం మనం ప్రెస్సుకి పోతామా? అదే మన గడపలో పడుతుంది కదా. ఇదీ అంతే. క్యాలెండర్‌లో ఎవరేం మార్చినా ఆ మార్పు ఒక వరుసగా నీ ఫోన్‌లో వచ్చి పడుతుంది. ముందు ఏముండేది, ఇప్పుడేమైంది, ఎవరు మార్చారు. కొత్తది పైన, పాతది కింద."

"యెంటనే పడతాదా?"

"వెంటనే కాదు. గంటకోసారి అదే పోయి చూసొస్తుంది."

"మరి పాతది ఎప్పుడు పోతాది?"

"పోదవ్వా. కిందికి జరుగుతుంది, అంతే."

ఆ రోజు ఆ మాట నేను పెద్దగా పట్టించుకోలేదు.

నా ఫోను మీ అమ్మ పాత ఫోనే కదా. అందులో అన్నీ ఆమె పేరుతోనే ఉన్నాయి. మార్చాలని నువ్వన్నావు. మార్చేలోపు నీకు బస్సు టైమైంది.

నువ్వు పోయాక ఆ ఫీడు చదవడం నాకు పనైపోయింది. బెల్లు కొడుతుంది, చూస్తాను. బుధవారం మీ అమ్మది నాకు మారింది. ఏడు గంటలది ఏడున్నరకు జరిగింది. శుక్రవారం నాది మీ అమ్మకి పోయింది, మళ్లీ నాకే వచ్చింది. ఎవరి తప్పూ లేదు అందులో. ఎవరి పనులు వాళ్లకున్నాయి. కానీ మొహం చూసి చెప్పుకోలేనివన్నీ అక్కడ ఒకదాని కింద ఒకటి పేరుతో సహా పడుతుంటే, చదివేవాళ్లకి అలసటగా ఉంటుంది. వారానికి మూడు రోజులు ఒక మనిషిని ఎవరెవరు అటు తోశారో ఇటు తోశారో చదువుతున్నట్టు ఉండేది. మీ అమ్మ ఆ బెల్లు ఆపేసి చాలా రోజులైంది. నేను ఆపలేకపోయాను. మీ చిన్నాయన ఆటో తోలుతూ పైనున్న ఒక్క వరుస మాత్రం చూసుకునేవాడు. అది ఎట్ల చెబితే అట్ల చేసేవాడు. ఫోన్లు చేసి అడగొద్దు, ఫీడు చూస్తే చాలని నువ్వే చెప్పి పోయావు కదా.

ఇప్పుడు అసలు సంగతి. పోయిన వారం హాస్పిటల్ వాళ్లు రోజులు మార్చారు. సోమ, బుధ, శుక్ర ఉన్నది మంగళ, గురు, శని అయింది. మిషన్లు తక్కువ, మనుషులు ఎక్కువ, వాళ్లు మాత్రం ఏం చేస్తారు. శుక్రవారం మిషను దిగాక మళ్లీ మంగళవారం దాకా లేదు. మధ్యలో మూడు రోజులు. సిస్టరు ఒకటికి రెండుసార్లు చెప్పింది, "పెద్దమ్మా, నీళ్లు జాగ్రత్త. మంగళవారం పొద్దున ఏడుకి తప్పకూడదు" అని. మీ అమ్మ అక్కడే నిలబడి క్యాలెండర్‌లో రాసింది.

ఆదివారం సాయంత్రం అక్క నాకు ఫోన్ చేసింది.

"మంగళారమా? మంగళారం నాడు ఎవురన్నా కొత్తది మొదులు పెడతారంటే?"

"వాళ్లు పెట్టినారు అక్కా. మనల్ని అడిగి పెట్టినారా?"

"ఆ మిషనుకేం తెలుసు అది మంగళారమని. నాకు తెలుసు గదా. ఒళ్లంతా అదో మాదిరిగా ఉంది. నువ్వొక పని చెయ్యి. సోమారం పొద్దున ఎనిమిదిన్నరకు మంచిదుంది. ప్రస్థానమన్నా పెట్టు."

ఈ మాట మీకు తెలియదు, చెబుతాను. పోవాల్సిన రోజు మంచిది కాకపోతే, అంతకుముందు మంచి గడియ చూసి, పోయే మనిషి బట్ట ఒకటి, గుప్పెడు బియ్యం, పసుపు కొమ్ము మూటగట్టి వేరే ఇంట్లో పెడతారు. అప్పుడే ప్రయాణం మొదలైనట్టు లెక్క. తర్వాత మనిషి ఏ రోజు పోయినా పరవాలేదు, పోతూ పోతూ ఆ మూట తీసుకుంటే సరి. మా నాయన గొర్రెలు తోలుకుని నల్లమల దిక్కు పోయేటప్పుడు ఎప్పుడూ అంతే. ఆయన గొంగడి రెండు రోజుల ముందే మా మేనత్త ఇంటి దూలానికి వేలాడేది. గొంగడి పోయింది కాబట్టి నాయన కూడా పోయినాడని, ఎదురుగా కూర్చుని సంగటి తింటున్నా, అక్కా నేనూ నాయనతో మాట్లాడకుండా ఆట పట్టించేవాళ్లం.

సరేనన్నాను. ఫోన్ పెట్టేశాక చూస్తే అక్క బట్ట ఒక్కటీ మన ఇంట్లో లేదు. తర్లుపాడు నుంచి ఎవరో తేవాలి. మీ చిన్నాయనకి చెబితే మళ్లీ ఒక తిరుగుడు. వారమంతా తిరిగే మనిషికి ఆదివారం కూడా చెప్పబుద్ధి కాలేదు. మీ అమ్మని అడుగుదామంటే ఆమె అప్పుడే రిజిస్టర్లు ముందేసుకుని తల పట్టుకుని కూర్చుంది. ఈమెకి చాదస్తం అనుకుంటుందేమోనని నోరు రాలేదు.

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. అక్క ప్రయాణం ఎక్కడుంది? ఫోన్‌లో ఉంది. ఆకుపచ్చ గడిలో ఉంది. ఆ గడినే మంచి గడియలో పెడితే? మూట మాత్రం ఏంటి, గుర్తే కదా. చేతులు కడుక్కుని, దీపం పెట్టి, ఫోను తీసుకుని ఆ ఆకుపచ్చని వేలితో నొక్కి పట్టాను. మంగళవారం ఏడు నుంచి సోమవారం ఎనిమిదిన్నరకి లాగాను. నువ్వు నేర్పిందే. అది మెత్తగా వచ్చి కూర్చుంది. సోమవారం గడియ దాటాక మళ్లీ మంగళవారంలో పెట్టేస్తే, మూట తిరిగి తీసుకున్నట్టే అనుకున్నాను.

అక్కకి ఫోన్ చేసి, "ప్రస్థానం పెట్టేసినా అక్కా" అన్నాను.

"సల్లగుండు" అంది. ఎక్కడ పెట్టావని ఆమె అడగలేదు. నేను చెప్పలేదు.

నేను చూసుకున్నది నా చేతిలో ఉన్న ఫోను ఒక్కటే. గంట తిరక్కుండా మీ చిన్నాయన ఫీడులో పైన పడిందట: మంగళవారం డయాలసిస్ సోమవారానికి మారింది, మార్చినవారు మీ అమ్మ. ఆయన చూసుకున్నాడు. మంగళవారం ఖాళీ అయింది కదాని, పెద్దారవీడు వైపు మిరపకోతకి కూలీల్ని దించుతానని ఒక మేస్త్రికి ఆ సాయంత్రమే మాటిచ్చేశాడు.

సోమవారం పొద్దున తర్లుపాడులో ఏం జరిగిందో తర్వాత అక్క చెప్పింది.

"ఎక్కుమా, టైమైతాంది."

"ఈరోజు కాదంట నాయనా, రేపంట."

"అదంతా మార్చినారు. ఫోన్ల వచ్చినాది. ఎక్కు."

అక్క సంతోషంగా ఎక్కిందట. మంగళవారం తప్పింది, ప్రస్థానం పనిచేసింది అనుకుందట.

హాస్పిటల్లో సిస్టరు పుస్తకం చూసి, "పెద్దమ్మా, మీది రేపు కదా" అంది. మీ చిన్నాయన ఫోను చూపించాడు. "ఇదో మేడం, మార్చినారు గదా!"

"మేము మార్చలేదన్నా. అది మీ ఇంట్లో వాళ్ల ఫోను."

వాళ్లు అక్కడ ఆ బెంచీ మీద కూర్చుని ఉండగానే, నేను ఇక్కడ గడియ దాటిందా లేదా అని గోడ క్యాలెండర్ చూసుకుని, ఆకుపచ్చని మళ్లీ మంగళవారం ఏడులో పెట్టాను. ఎంత పద్ధతిగా చేశానో అనుకున్నాను కూడా.

పదకొండుకి ఆటో మన వాకిట్లో ఆగింది. మీ అమ్మ అంగన్‌వాడీకి పోయింది. మీ చిన్నాయన దిగి, ఫోను నా మొహం ముందు పెట్టాడు.

"చూడు చిన్నమ్మా. నిన్న సోమారమన్నది. ఇప్పుడు మల్లా మంగళారమంట. వదినకు ఇది ఆటగా ఉందా? రేపటికి నేను మేస్త్రికి మాటిచ్చినా. నీ కోడలికి తీరికుంటే ఫోన్‌తో ఆడుకోమను, మా అమ్మతో ఆడుకోవద్దను."

అప్పుడు చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది. "కాళ్లు కడుక్కోండి, అన్నం తిని పోదురు" అన్నాను.

అక్క ఆటోలోంచి దిగలేదు. నా వైపు చూసి నెమ్మదిగా, "మల్లా మంగళారమే వచ్చినాది చూడు" అంది. "ప్రస్థానం పెట్టినావు గదే?"

"పెట్టినా అక్కా."

మంగళవారం ఆరున్నరకే నేనూ మీ అమ్మా హాస్పిటల్ మెట్ల దగ్గర ఉన్నాం. మీ చిన్నాయన తెల్లవారకముందే కూలీల్ని ఎక్కించుకుని, వాళ్లను దించి, వెనక్కి వచ్చి అక్కని తేవాలనుకున్నాడు. కూలీలంటే తెలుసు కదా, ఒకరొచ్చేసరికి ఇంకొకరు సద్ది కట్టుకుంటూ ఉంటారు. ఏడయింది. ఏడున్నరయింది. మీ అమ్మ ఫోన్ చేస్తూనే ఉంది. "వేరే ఆటో చెప్పనా మరిదీ?" అంటే, "ఇదో, వచ్చేస్తన్నా వదినా, మార్చడానికి మాత్రం తొందర పడొద్దు నువ్వు" అని దెప్పాడు. మీ అమ్మ ఫోన్ పెట్టేసింది. నా పక్కన నిలబడి ఉంది. ఆమె భుజం నా భుజానికి తగులుతోంది, అంత దగ్గర.

ఎనిమిదికి ఎవరో ఒకాయనని ఆయాసంతో మోసుకొచ్చారు. ఖాళీగా ఉన్న మిషను అదొక్కటే. ఆయనని పెట్టారు. ఎవరైనా పెడతారు.

తొమ్మిది దాటాక అక్క వచ్చింది. కాళ్లు వాచి చెప్పులు పట్టక ఒట్టి కాళ్లతో వచ్చింది. సిస్టరు నాడి చూసి, బీపీ చూసి, లోపల డాక్టర్ని అడిగి వచ్చింది. రేపు పొద్దున మొదటి మిషను ఆమెకే, ఈలోపు ఆయాసం పెరిగితే నిమిషం ఆగకుండా తీసుకురమ్మంది. అందుకని అక్కని తర్లుపాడు పంపకుండా మన ఇంటికే తెచ్చుకున్నాం.

ఆ పగలు గడవలేదు. పడుకుంటే ఊపిరాడక గోడకి ఆనుకుని కూర్చుంది. వీపు వెనక రెండు దిళ్లు పెట్టాను. మీ అమ్మ సెలవు పెట్టి విసనకర్రతో విసురుతూ కూర్చుంది. కరెంటు ఉంది, ఫ్యాను తిరుగుతోంది, అయినా విసురుతోంది. అక్క ప్రతి ఊపిరికీ భుజాలు ఎత్తుతుంటే, నేను కూడా ఎత్తుతున్నానని కాసేపటికి గానీ తెలియలేదు.

మీరు ఫోన్ చేసింది అప్పుడే. మీ అమ్మ మీ మీద ఒట్టు పెట్టుకున్నది అప్పుడే.

ఫోన్ పెట్టేసి మీ అమ్మ టీ పెట్టడానికి లోపలికి పోయింది. గోరుచిక్కుళ్లు అయిపోయాయి. ఈనెలన్నీ ఒక పక్కకి కుప్ప చేశాను.

అక్క కళ్లు తెరవకుండానే అడిగింది. "నా చీర నీ ఇంట్లో లేదు గదా. ప్రస్థానం యాడ పెట్టినావే?"

నేను ఈనెల కుప్పని ఇంకొంచెం పక్కకి జరిపాను.

"యాడ పెట్టినావు?"

"ఫోన్ల పెట్టినా."

కళ్లు తెరిచింది. కాసేపు నా మొహం చూసింది. నవ్వబోయింది, నవ్వు దగ్గయింది. తగ్గాక అంది: "గొంగడి దూలానికి యాలాడేస్తే మన ఇద్దరికే తెల్సు. ఇది ఊరంతా టముకేసింది గదే."

"ఒకరిని తిప్పలు పెట్టడమెందుకని అట్ల చేసినా అక్కా."

"సరే. కోడలికి చెప్పు."

"చెప్తాలే."

"చెప్తాలే కాదు. నాకు ఊపిరున్నప్పుడే చెప్పు. నా యెనక ఆ పిల్ల మీద మాట ఉండకూడదు."

మీ అమ్మ టీ గ్లాసులతో వచ్చింది. నేను లేవలేదు, నేల చూస్తూ చెప్పాను. రెండే మాటలు పట్టింది. రెండు రోజులు మోసింది ఆ రెండు మాటలే.

ఆమె కోప్పడుతుందనుకున్నాను. గ్లాసులు కింద పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుంది. అప్పుడు అంది: "నన్ను అడిగుంటే చీర నేనే తెచ్చేదాన్ని గదత్తా. శనారం మీటింగుకు తర్లుపాడుకే పోయినా. పెద్దత్తోళ్ల వాకిట్లోనే ఆటో దిగినా."

ఆదివారం అడిగిన చీరని శనివారమే ఎట్ల తెస్తుంది అని ఒక మాట నోటికొచ్చింది. మింగేశాను. ఆమె అన్నది అది కాదు.

మీ చిన్నాయనకి నేనే ఫోన్ చేసి చెప్పాను. అటువైపు ఆటో చప్పుడు ఆగింది. "చిన్నమ్మా, నేను వదినను నోటికొచ్చినట్టు అన్నా గదా" అన్నాడు. అదేదో ఆమెకే చెప్పమన్నాను. సాయంత్రం వచ్చాడు. మీ అమ్మ ముందు నిలబడి తల గోక్కుని, నా వైపు తిరిగి, "ఈసారి ప్రస్థానం పెట్టాలంటే నా ఆటోను పెట్టుకో చిన్నమ్మా నీ వాకిట్లో. నేను నడిచి పోతా" అన్నాడు. మీ అమ్మ అప్పుడు నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు, ఎందుకంటే లోపల అక్క ఊపిరి వినపడుతోంది.

బుధవారం పొద్దున మొదటి మిషను ఆమెకి ఇచ్చారు. ఇద్దరం పట్టుకుని ఎక్కించాం. రెండో గంటకి భుజాలు ఎగరడం ఆగింది. మూడో గంటకి నిద్రపోయింది. నేను ఆ నాలుగు గంటలూ పక్కనే స్టూలు మీద ఉన్నాను. నా వంతు కాదు, మీ అమ్మది. క్యాలెండర్‌లో మార్చలేదు, ఊరికే కూర్చున్నాను. మీ అమ్మ కూడా పోలేదు.

తర్లుపాడు పోయే ముందు అక్క మన ఇంట్లో స్నానం చేసి, విప్పిన చీర ఉతికించి మడత పెట్టించింది. నాయన గొంగడికి కట్టినట్టే బియ్యం, పసుపు కొమ్ము వేసి నా చేత కట్టించింది.

"ఇది ఈడ్నే ఉండనీ. మల్లా తీసుకోను. ఎప్పుడు ఏ రోజు మార్చినా నేను ముందే బయల్దేరినట్టే లెక్క."

మూట గోడ క్యాలెండర్ పక్కన అటక మీద ఉంది. అటువైపు పోయినప్పుడల్లా కనపడుతుంది. నేను దాన్ని ముట్టుకోను.

ఇంక మీతో చెప్పాల్సింది ఒకటి ఉంది. నా ఫోన్‌లో మీ అమ్మ పేరు తీసి నా పేరు పెట్టండి. మీరు అక్కడి నుంచే చేయగలరని మీ అమ్మ అంటోంది. ఇకమీదట నేను దేన్నీ లాగను, చూడడమే. అయినా పెట్టండి.

ఆ రెండు వరుసలు ఇప్పటికే కిందికి పోయాయి. ఈ పొద్దున కళ్లజోడు పెట్టుకుని వేలితో కిందికి జరుపుతూ పోతే దొరికాయి. మంగళవారం నుంచి సోమవారం, సోమవారం నుంచి మంగళవారం. రెండింటి పక్కనా మీ అమ్మ పేరే ఉంది. వాటిని మార్చడానికి వీలవుతుందేమో చూడండి. వీలు కాదంటే మీరిద్దరైనా గుర్తుపెట్టుకోండి, అవి నేను చేసినవి.